పదకొండో నంబరు – పది రోజుల గడువు

ఆడినన్నాళ్ళు ఆడి, ఒకరోజు పొద్దున్నే హాలు గోడమీద పోస్టరు మారిపోవడం మనకి కొత్త కాదు. కంప్యూటర్లకీ అలాంటి శుక్రవారం ఒకటుంటుందని నాకు తెలిసొచ్చింది మాత్రం 2025లోనే. తీరా చూస్తే అది శుక్రవారం కూడా కాదు, మంగళవారం! 2015 జూలైలో విడుదలై పదేళ్ళు ఏకధాటిగా ఆడిన విండోస్ 10కి, 2025 అక్టోబరు 14తో మామూలు రక్షణ అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇంట్లో వాడుకునేవాళ్ళు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా పొడిగింపు ఇస్తామన్నారు. సెకండ్ రిలీజుతో ఎన్నాళ్ళు లాగుతాం? పదకొండో నంబరుకే టిక్కెట్టు తెంపించుకున్నాను.

టిక్కెట్టు అందరికీ దొరకదు సుమండీ! 4 జీబీ ర్యామ్, 64 జీబీ జాగా అయితే ఫరవాలేదు, చాలామంది దగ్గర ఉంటాయి. గేటు దగ్గర అసలు పట్టుబడేది టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు దగ్గర, ప్రాసెసర్ వయసు దగ్గర. ఇంటెల్ వారివైతే దాదాపు ఎనిమిదో తరం నుంచే లోపలికి రానిస్తారు. నిక్షేపంలా పనిచేస్తున్న కంప్యూటర్ని వయసు మళ్ళిందని బయట నిలబెట్టడం నాకైతే నచ్చలేదు. నాది ఎలాగో లోపలికి వెళ్ళింది.

ముందే అన్నీ వేరే హార్డ్ డిస్కులోకి ఎక్కించి పెట్టుకుని, రాత్రి భోజనాల వేళ మొదలెట్టాను. నాలుగు సార్లు ఆరింది, వెలిగింది. అంకెలు 61 శాతం దగ్గర కూచుని కదలవు... ఇంటర్వెల్లో బఠాణీలు కొనుక్కొచ్చినా బొమ్మ పడనట్టు! చివరికి తెర తేరుకుంది.

చెప్పొద్దూ, మొదటి చూపుకి బాగుంది. కిటికీల మూలలన్నీ గుండ్రంగా నునుపుదేలి, మేకప్ కుదిరిన ముఖంలా ఉన్నాయి. కానీ 1995 నుంచి ఎడమ మూలన ఉండే స్టార్ట్ బటన్ (మధ్యలో విండోస్ 8లో అలిగి మాయమైందనుకోండి) ఇప్పుడు కిందివరస నడిమధ్యకి వచ్చి కూచుంది. నా చెయ్యి అలవాటుగా మూలకే పోతోంది. సెట్టింగుల్లో టాస్క్‌బార్ దగ్గర చెబితే బుద్ధిగా ఎడమకి జరిగింది. కుడి నొక్కు నొక్కితే వచ్చే మెనూని కుదించారు. పాత పనులు కావాలంటే ఇంకో మెట్టు దిగాలి. నచ్చిందేమిటంటే, కిటికీని పెద్దది చేసే బటన్ మీద మౌస్ కాసేపు నిలిపితే తెరని రెండుగా, మూడుగా పంచిచ్చే బొమ్మలు వస్తాయి. ఒక పక్క పాత వ్యాసం, ఇంకో పక్క కొత్త కాగితం! నాలాంటి వాడికి ఇంతకంటే ఏం కావాలి?

నేను కాలేజీలో ఉండగా, 2010లో 'మాయాబజార్'కి రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. 1957లో మార్కస్ బార్ట్లే నలుపు తెలుపుల్లోనే అంత వెన్నెల కురిపించాక ఈ రంగులెందుకని పెద్దవాళ్ళ గోల. మాకు మాత్రం పండగే! ఇప్పుడు నా టేబుల్ ముందు నేను ఆ పెద్దవాళ్ళ వరసలో కూచున్నాను.

ఎందుకంటే నా దగ్గర 'పాతవాళ్ళు' అనే ఫోల్డర్ ఒకటుంది. తెర మీద పేరు పడని మనుషులతో పదేళ్ళ కిందట చేసిన ఇంటర్వ్యూలు, మొత్తం 43. అన్నీ ఆనాటి డీటీపీ ఫాంటులో కొట్టినవి. అందులో నిజానికి ఉండేది ఇంగ్లీషు అక్షరాలే, తెలుగు వేషం ఫాంటుది. వేషం తీసేస్తే మిగిలేది పిచ్చిగీతలు. కొత్త విండోస్‌లో ఫైళ్ళు తెరుచుకున్నాయి, ఫాంటూ ఉంది. కానీ ఆ అక్షరాలు కొట్టడానికి వాడే పాత ప్రోగ్రాము లేవనని మొరాయించింది. అంటే చదువుకోవచ్చు, కామా కూడా చేర్చలేను!

వెనక్కి పోవచ్చు. రికవరీలో 'గో బ్యాక్' అని దారి ఉంది, గడువు 10 రోజులు. కొత్త సినిమా టాకు తేలేది కూడా అంతలోనే కదా!

అందుకని మొదటి ఫైలు తీశాను. కార్బన్ కడ్డీల వెలుగుతో ప్రొజెక్టర్ నడిపిన ఒక ఆపరేటర్ గారిది. ఆయన ఇప్పుడు లేరు, గొంతు రికార్డు చేసిన ఫోనూ లేదు. ఉన్నదల్లా ఈ పిచ్చిగీతలే. 2019 నుంచి విండోస్‌లోనే వస్తున్న తెలుగు ఫొనెటిక్ కీబోర్డు పెట్టుకుని, ఒక పక్క చూస్తూ ఇంకో పక్క యూనికోడ్‌లో కొట్టడం మొదలెట్టాను. తెర కుడివైపు పైమూలన చుక్క పడితే రెండో మిషను మోటారు వెయ్యాలి, మళ్ళీ చుక్క పడితే బొమ్మ దానికి అప్పగించాలి. ప్రేక్షకుడికి ఆ అతుకు తెలియకూడదట. వెయ్యడుగుల రీలంటే 11 నిమిషాలు. అందుకే ఆయన పెళ్ళిభోజనంలో కూర్చున్నా పదో నిమిషానికి తలెత్తి పైమూల చూసేవారట! ఈ ముక్క పత్రికలో రాలేదు. ఆ వారం కింద సగం పేజీ ప్రకటన పడి కోసేశారు. నేనూ మరిచేపోయాను. మళ్ళీ అక్షరం అక్షరం కొడుతుంటే దొరికింది.

నాలుగు రాత్రులు పట్టింది. తొమ్మిదో రోజు రికవరీ పేజీ తెరిచి, ఆ బటన్ కేసి చూసి మూసేశాను. పదకొండో రోజుకి అది వెలిసిపోయి నొక్కుడు పడడం మానేసింది. అప్పటికి అయినవి రెండు ఫైళ్ళు, ఇంకా 41 ఉన్నాయి. ఈ రాత్రి డబ్బింగు చెప్పిన ఒక పెద్దావిడ వంతు. ఆమె మాట చాలా వేగం. నా వేళ్ళు అందుకోవాలి మరి!