నైపుణ్యం తేలడానికి పట్టే కాలం

ఇంటర్ రెండో సంవత్సరం గణితంలో సంభావ్యత పాఠం వచ్చిందంటే పేకముక్కలు వచ్చినట్టే. 52 ముక్కల కట్టలోంచి రెండు తీస్తే రెండూ రాజులే అయ్యే సంభావ్యత ఎంత, ఒక్కటి తీస్తే అది ఇస్పేటు గానీ ఆసు గానీ అయ్యే సంభావ్యత ఎంత... ఏటా ఇవే లెక్కలు. జవహర్‌నగర్‌లో మా ముందు గదికి ట్యూషన్‌కు వచ్చే పిల్లల్లో చాలామంది పేక కట్ట చేత్తో పట్టుకుని ఎరగరు. "ఇస్పేటంటే నల్లదా, ఎర్రదా సార్?" అని అడుగుతారు. వాళ్లను అనడానికేం లేదు. పేక ఉన్న ఇల్లు మంచి ఇల్లు కాదన్న పట్టింపు మన మధ్యతరగతిలో ఇంకా గట్టిగానే ఉంది. పేపర్లో 'పేకాట రాయుళ్లు' అన్న మాట పక్కన పోలీసులు, పట్టుకున్న నగదు, సెల్‌ఫోన్లు తప్ప ఇంకేమీ కనిపించవు. పరీక్షలో మాత్రం ఆ ముక్కల మీదే మార్కులు!

కట్ట తెచ్చి బల్ల మీద పరిస్తే తల్లిదండ్రులు ఏమంటారోనని నేనూ బోర్డు మీద బొమ్మలతోనే నెట్టుకొచ్చాను. మా మేనల్లుడు కొన్నాళ్లు మా ఇంట్లో ఉండి ఉప్పల్‌లో ఉద్యోగం చేశాడు. వాడితో పాటు ప్లేస్టేషన్ కూడా వచ్చింది. అందులో 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' అనే ఆట. 2018లో వచ్చింది. కథ 1899 నాటి అమెరికాలో, గుర్రాల మీద తిరిగే దోపిడీ ముఠాది. మావాడికి ఆ కాల్పులు, ఛేజింగులు కొన్నాళ్లకే మొహం మొత్తాయి. ఊళ్లో సారా దుకాణంలోకి వెళ్లి పోకర్ బల్ల దగ్గర కూర్చునేవాడు. బటన్ నొక్కి పట్టుకుంటే హీరో బొటనవేలితో తన రెండు ముక్కల అంచులు కొద్దిగా ఎత్తి చూసుకుంటాడు. వదిలేస్తే మళ్లీ బోర్లా పడతాయి. ఎదుట గడ్డాలవాళ్లు, టోపీలవాళ్లు, మధ్యలో చిల్లర గుట్ట. పోయినా పోయేది బొమ్మ డాలర్లే. పక్కన కూర్చుని చూడటం మొదలుపెట్టిన నేను కొద్దిరోజులకు నోట్‌బుక్ తెచ్చుకుని రాసుకోవడం మొదలుపెట్టాను.

ఈ రకం పోకర్‌ను టెక్సాస్ హోల్డెమ్ అంటారు. ఒక్కొక్కరికి రెండు ముక్కలు రహస్యంగా, అందరికీ కలిపి బల్ల మీద ఐదు ముక్కలు బాహాటంగా. మొత్తం ఏడింట్లో మంచి ఐదు ఎవరివైతే వాళ్లది పందెం. బల్ల మీద ముక్కలు ఒకేసారి పడవు: మొదట మూడు, తర్వాత ఒకటి, చివర ఒకటి. ప్రతి మెట్టు దగ్గరా పందెం పెంచాలా, సమానంగా వేయాలా, ముక్కలు పడేసి తప్పుకోవాలా అని తేల్చుకోవాలి. మన రమ్మీలో డ్రాప్ ఉన్నట్టే ఇక్కడా ఉంది. కాకపోతే రమ్మీ కంటే ఇక్కడ డ్రాప్ విలువ చాలా ఎక్కువ. చేతికొచ్చిన ముక్కల్లో ఎక్కువ భాగం చూడగానే పడేయాల్సినవే.

ఒక రోజు మావాడి చేతిలో రెండు ఆటీన్లు ఉన్నాయి. బల్ల మీద పడిన మూడింట్లో మరో రెండు ఆటీన్లు. ఇంకొక్కటి పడితే ఐదూ ఒకే రంగు, ఫ్లష్. కట్టలో ఆటీన్లు 13, కనబడుతున్నవి 4, మిగిలినవి 9. మనకు కనబడని ముక్కలు 47. ఇంకా రెండు ముక్కలు పడాలి. ఆ రెండింట్లో ఒక్క ఆటీనైనా పడే అవకాశం నూటికి 35. బోర్డు మీద చేస్తే రెండు వరసల లెక్క ఇది. బల్ల మీద పందెం ఎంతుంది, అందులో ఉండటానికి నేను వేయాల్సింది ఎంత, ఆ ఖర్చుకు 35 శాతం సరిపోతుందా? ఈ ప్రశ్నకు జవాబు తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా ఉంటుంది. ఆ తేడాకే నైపుణ్యం అని పేరు. అది ఉంది, నిజం. మావాడు లెక్క నేర్చుకున్నాక వాడి చిల్లర గుట్ట నెలనెలా పెరగడం నేను నోట్‌బుక్‌లో కళ్లారా చూశాను.

కానీ నోట్‌బుక్‌లో ఇంకోటి కూడా కనబడింది. నెలల వారీగా గీత పైకే పోతోంది గానీ, ఏ సాయంత్రానికి ఆ సాయంత్రం విడిగా చూస్తే ఏమీ తేలడం లేదు. లెక్కప్రకారం ఆడిన రోజు మొత్తం ఊడ్చుకుపోయింది, నిద్రమత్తులో బటన్లు నొక్కిన రోజు బల్లంతా వాడిదే అయింది. మొదటి రెండు ముక్కలూ ఆసులే రావడం 221 సార్లలో ఒకసారి. మా ఇంటర్ లెక్కలో రెండు రాజులు వచ్చే సంభావ్యత కూడా సరిగ్గా అదే. అంత గొప్ప జత పట్టుకుని ఒక్క మనిషితో తలపడినా, అతని చేతిలో ఏమున్నాయో తెలియనప్పుడు గెలిచేది నూటికి 85 సార్లే. మిగతా 15 సార్లు ఓటమి దాదాపు ఖాయం. ఆ పదిహేనులో ఒకటి పడిన రోజున "ఆఖరి ముక్క కొంప ముంచింది మామా" అని మావాడు నవ్వేసి, పాత సేవ్ తెరిచి మళ్లీ కూర్చునేవాడు. ఆ నవ్వు దగ్గర నాకు ఒక పాత విద్యార్థి గుర్తొచ్చేవాడు.

ఆ అబ్బాయి నా దగ్గర ట్యూషన్ చదివినవాళ్లలో లెక్కల్లో చురుకైనవాడు. నాచారం పారిశ్రామికవాడలో ఉద్యోగం, ఫోన్‌లో రమ్మీ, ఆ తర్వాత పోకర్. తెలంగాణలో అవి ఆడకూడదని చట్టం వచ్చాక కూడా, ఫోన్ వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించే యాప్ ఒకటి పెట్టుకుని ఆడాడు. జీతం పోయింది, లోన్ యాప్‌ల అప్పు మీద పడింది, తండ్రి ఇంటి జాగా అమ్మి తీర్చాడు. నన్ను కలవడానికి వచ్చినప్పుడు ఆ అబ్బాయి ఏడవలేదు, ఆటను తిట్టలేదు. "సార్, ఆట రాక పోగొట్టుకోలే. ఆ టేబుల్ మీద నాకంటే మంచిగ ఆడేటోళ్లు లేకుండె" అన్నాడు. ఆ మాట అబద్ధమని నాకు అనిపించలేదు. అందుకే అంత బాధేసింది. ఆట వచ్చినవాడు ఎలా మునిగాడు?

నైపుణ్యమా, అదృష్టమా అన్న ఈ వాదన మన జంటనగరాల నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్ల మీద కేసు పెట్టారు. మేజిస్ట్రేటు శిక్ష వేశారు, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం అప్పీలుకు పోయింది. 1967 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, మూడు ముక్కలాటలాగా కేవలం అదృష్టం కాదు. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు తర్వాత ఏళ్ల తరబడి ఈ తీర్పునే అడ్డుపెట్టుకున్నాయి. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా తలుచుకోరు. క్లబ్బు యజమాని ఆ ఆట మీద లాభం తీస్తున్నాడని రుజువైతే అప్పుడది నేరం కావచ్చునని న్యాయమూర్తులు అన్నారు. ఆ మాటలో ఎంత బరువుందో లెక్క వేసుకున్నాకే నాకు తెలిసింది.

ముందు కాలం సంగతి. పోకర్‌లో నైపుణ్యం ఎన్ని ఆటలకు తేలుతుంది? దీనికి ప్రయోగంతోనే జవాబు దొరికింది. 2015లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు క్లాడికో అనే ప్రోగ్రామును నలుగురు మేటి ఆటగాళ్ల మీదికి దించారు. 80,000 ఆటలు ఆడారు. చివరికి మనుషులు ఏడు లక్షల డాలర్ల పైచిలుకు చిప్పుల ఆధిక్యంలో ఉన్నారు. అయినా శాస్త్రవేత్తలు, గణాంకాల ప్రకారం ఎవరు మెరుగో తేలలేదన్నారు. 2017 జనవరిలో అదే విశ్వవిద్యాలయం లిబ్రాటస్ అనే కొత్త ప్రోగ్రాముతో వచ్చింది. ఈసారి 20 రోజులు, 1,20,000 ఆటలు. అప్పుడు గానీ యంత్రమే గెలిచిందని గట్టిగా చెప్పలేకపోయారు. ప్రపంచంలో ఆరితేరినవాళ్లతో, క్షణం తీరిక లేకుండా ఆడితే ఇన్ని ఆటలు పట్టాయి. మన మనిషి ఆదివారం ఆదివారం నాలుగు గంటలు, గంటకు పాతిక ఆటల చొప్పున ఆడితే అన్ని ఆటలు పూర్తయ్యేసరికి 23 ఏళ్లు.

ప్లేస్టేషన్ చేసిన మేలు ఇదే. మావాడు ఎన్నిసార్లు బల్ల ఖాళీ చేసుకున్నా ఆట వాణ్ని బయటికి నెట్టలేదు. నైపుణ్యం తేలేదాకా ఆగే స్తోమత వాడికి ఊరికే దొరికింది. జీతం మీద బతికేవాడికి ఆ స్తోమత ఉండదు. గీత పైకి పోవడానికి ముందు వచ్చే పల్లంలోనే అతని డబ్బు అయిపోతుంది. నా విద్యార్థి తనకంటే మొద్దుగా ఆడేవాళ్ల బల్ల మీద, లెక్కప్రకారం ఆడుతూనే, ఆ పల్లంలో పడిపోయాడు. ఆటలు పెరిగితే గానీ సంభావ్యత తేలదన్న ఈ సూత్రం నేను ఏళ్ల తరబడి బోర్డు మీద రాస్తున్నదే. అది ఒక ఇంటి జాగాను మింగగలదని మాత్రం, గడ్డాలవాళ్లు కూర్చున్న ఆ బొమ్మ బల్ల ముందు నోట్‌బుక్ పట్టుకున్నప్పుడే మనసుకు ఎక్కింది.

ఇళ్లలో టీవీకి తగిలించుకునే ఆటల్లో పోకర్ కొత్తదేం కాదు. 1980 ప్రాంతంలో అమెరికాలో ఇంటెలివిజన్ అనే యంత్రం కొంటే దాంతో పాటే 'లాస్ వేగస్ పోకర్ అండ్ బ్లాక్‌జాక్' క్యాసెట్ ఇచ్చేవారు. దొంగచూపులు చూసే పంపకందారు బొమ్మ అందులో ఉండేది. 2003 తర్వాత ఇలాంటి ఆటలు వరదలా వచ్చాయి. కారణం ఆ ఏడు క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు ప్రపంచ పోకర్ పోటీలో 25 లక్షల డాలర్లు గెలవడం. ఆన్‌లైన్‌లో చిన్న మొత్తంతో అర్హత పోటీ ఆడి అక్కడిదాకా వెళ్లాడు. ఆ పోటీలో కూర్చున్నవాళ్లు 839 మంది. ఒక్క పేరు లోకానికంతా తెలిసింది. మిగతా 838 మందిలో మనకు గుర్తున్నదెవరు? యాప్‌ల ప్రకటనల్లో సినిమా తారల పక్కన కనిపించే విజేతలను చూసినప్పుడల్లా నాకు ఈ 838 గుర్తొచ్చేది.

తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చి, రమ్మీకి ఉన్న నైపుణ్యం మినహాయింపు తీసేసింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆ వాదన జోలికే పోలేదు. నైపుణ్యమైనా అదృష్టమైనా సరే, డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆట నిషిద్ధం. డబ్బు పందెం లేని ఆటలను వేరుగా ఉంచింది. ఇది సరైన గీత అని నేను నమ్ముతాను. యూరప్‌లో ఆటలకు వయసు నిర్ణయించే సంస్థ కూడా ఈ గీత దగ్గరే తడబడింది. 2024లో వచ్చిన 'బలాట్రో'లో పోకర్ జతలు ఉంటాయే తప్ప పందెం ఉండదు. దానికి మొదట 3 ఏళ్లని, తర్వాత 18 అని, వివాదమయ్యాక 2025 ఫిబ్రవరిలో 12 అని వేశారు. ముక్కలను చూసి భయపడి, డబ్బును వదిలేయడం మన ఇళ్లలోనూ ఉంది. పేక కట్టను గడప దాటనివ్వని ఇంట్లోనే పిల్లవాడి ఫోన్‌లో యాప్ నడిచింది.

ఫోన్‌లో అయితే ఆటలు గబగబా అవుతాయి కదా, 23 ఏళ్లు ఎందుకు అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, ఒకేసారి నాలుగు బల్లలు తెరుచుకోవచ్చు. అయితే ఆట ఎంత వేగంగా సాగితే, ప్రతి పందెంలోంచీ బల్ల యజమాని తీసుకునే వాటా అంత వేగంగా తెగుతుంది. 1967 తీర్పులో ఎవరూ తలుచుకోని ఆ మాట ఇక్కడ పనికొస్తుంది.

ఇప్పుడు సంభావ్యత పాఠం చివర పిల్లలకు నేనే రాసుకున్న లెక్క ఒకటి ఇస్తున్నాను. ఇద్దరు చెరో వంద వేసి ఆడతారు. ఒకడికి నైపుణ్యం ఉంది, నూటికి 55 ఆటలు గెలుస్తాడు. పది ఆటల తర్వాత అతను నష్టంలో ఉండే అవకాశం ఎంత? 26 శాతం. వంద ఆటల తర్వాత? సుమారు 13 శాతం. వెయ్యి తర్వాత వెయ్యింట ఒక వంతు కూడా ఉండదు. పిల్లలు ఇక్కడిదాకా ఉత్సాహంగా వస్తారు. ఇప్పుడు ఆ రెండు వందల్లోంచి ప్రతి ఆటకూ బల్ల యజమాని 20 రూపాయలు తీసుకుంటాడనుకుని మళ్లీ చేయమంటాను. గెలిస్తే వచ్చేది 80, ఓడితే పోయేది 100. 55ను 80తో, 45ను 100తో గుణించి తీసేస్తే నూరు ఆటలకు నూరు రూపాయల నష్టం. అంటే ఆటకు రూపాయి చొప్పున, ఎక్కువసార్లు గెలిచేవాడి జేబులోంచే.

ఈ ఏడు ఒకమ్మాయి అక్కడ ఆగలేదు. "యజమాని ఎంత వరకు తీసుకుంటే మనం మునగం సార్?" అని తనే సమీకరణం రాసుకుంది. 18 రూపాయల 18 పైసలు వచ్చింది. పక్కనున్న కుర్రాడు వెంటనే, నైపుణ్యం 55 కాక 52 అయితే ఎంతొస్తుందని మొదలుపెట్టాడు. ఆ రోజు క్లాసు ఇంకో అరగంట సాగింది.