కాఫీ కలుపుతున్నప్పుడు చెప్పిన మాటలు

2016 డిసెంబరు 12న వార్దా తుపాను చెన్నై దగ్గర తీరం దాటినప్పుడు సరిహద్దులో ఉన్న మా సత్యవేడులోనూ కరెంటు పోయింది. ఆ చీకటి రోజుల తర్వాతే మా మిద్దె మీదికి సోలార్ పలకలు, మెట్ల కిందికి రెండు బ్యాటరీలు వచ్చాయి. వాటిని ఎలా చూసుకోవాలో బిగించిన అబ్బాయి వరండాలో నిలబడి మా ఆయనకు వివరంగా చెప్పాడు. ఆ సమయంలో నేను వంటింట్లో వాళ్ళిద్దరికీ కాఫీ కలుపుతున్నాను.

రెండో వేసవికే బ్యాటరీలు చచ్చిపోయాయి. "మీ ఇష్టమొచ్చినట్టు మిక్సీ, టీవీ వాడితే ఎట్లుంటాయి?" అన్నారాయన. నేనూ నా తప్పేననుకున్నాను. కొత్తవి బిగించడానికి వచ్చిన మెకానిక్ పాతవాటి మూతలు విప్పి చూసి, "నీళ్ళు ఎవురక్కా పోసింది?" అని అడిగాడు. నేనే. మట్టం తగ్గితే నింపమని ఆయన ఓ మాట అన్నారు, బోరు నీళ్ళు పోశాను. ఆ నీళ్ళలోని లవణాలు సీసం పలకలను పాడుచేస్తాయని నాకెవరు చెప్పారు?

ఈసారి కాఫీ పని ఆయనకు అప్పగించి నేను మెట్ల కింద కూర్చున్నాను. "సార్‌కు చెప్తాలే అక్కా" అన్నాడు మెకానిక్. "నీళ్ళు పోసేది నేను, నాకే చెప్పు నాయనా" అన్నాను.

పన్నెండు ఓల్టుల బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఆవిరయ్యేది, చార్జింగులో వాయువులుగా విడిపోయేది నీళ్ళే, ఆమ్లం లోపలే ఉంటుంది. కాబట్టి పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే, ఆమ్లం కాదు. పూర్తిగా చార్జయ్యాక మట్టం చూసి నింపాలి. హైడ్రోమీటరుతో ఒక్కో గదిలోని ద్రవాన్ని పీల్చి చూస్తే ఆమ్లం చిక్కదనం తెలుస్తుంది. ఐదు గదులు 1.25 చూపిస్తూ ఒకటి బాగా వెనకబడితే జబ్బు అక్కడుందన్నమాట. సగానికంటే ఎక్కువ ఖాళీ చేస్తూ పోతే ఆయుష్షు తగ్గుతుంది. చార్జింగప్పుడు హైడ్రోజన్ వస్తుంది కనుక గాలి ఆడాలి, దగ్గర దీపం పెట్టకూడదు. ఇందులో నాకు అర్థం కానిది ఏముంది? పులుపు, ఉప్పు, పాకం ముప్పై ఏళ్ళుగా చూస్తున్న చేతులే కదా ఇవి!

రాజస్థాన్ తిలోనియాలోని బేర్‌ఫుట్ కాలేజీలో చదువురాని నడివయసు స్త్రీలు, అమ్మమ్మలు ఆరు నెలల్లో సోలార్ దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్చుకున్నారు. ఆఫ్రికా పల్లెల నుంచి కూడా వచ్చి నేర్చుకుని వెళ్ళారు. వాళ్ళకు భాష కూడా అడ్డం కాలేదు. మన ఇళ్ళలో అడ్డుపడేది మాత్రం వరండాకీ వంటింటికీ మధ్య గోడే.

ఇంకో సంగతి కూడా గమనించాను. హైడ్రోమీటరు మా ఆయన చేతిలో ఉన్నన్నాళ్ళూ అది టెక్నికల్ పని. నా చేతికి వచ్చాక ఇంటిపని అయిపోయింది. "బ్యాటరీ తుడిచావా?" అని అడుగుతారు, గిన్నెలు తోమావా అన్నట్టు. ఆమ్లం చుక్కలు పడి చిల్లులు పడ్డ నా నూలు చీరను ఎవరూ లెక్కలో వెయ్యరు.

అందుకే నేనే లెక్క రాస్తున్నాను. పాల నోటు పుస్తకంలోనే వెనక పేజీల్లో తేదీ, పన్నెండు గదుల అంకెలు, పోసిన నీళ్ళు. రెండోసారి కొన్న బ్యాటరీలు ఐదేళ్ళు దాటి పనిచేశాయి. వారంటీ కార్డు మీద మాత్రం ఆయన పేరే ఉంది. మూడో జత కొన్నప్పుడు కార్డు నింపుతున్న కుర్రాడు "సార్ పేరు?" అన్నాడు. నా పేరు చెప్పాను.