టయోటా ఊళ్ళో ఓ తాడు

జపాన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, నగోయా పక్కనున్న టయోటా నగరంలో కార్ల ఫ్యాక్టరీ చూపించింది. ఆ ఊరి పాతపేరు కొరోమో. 1959లో కంపెనీ పేరే ఊరికి పెట్టుకున్నారట!

లోపల ఫొటోలు తీయకూడదంది గైడమ్మాయి. పైన నడవాలో నిలబడి కిందికి చూస్తే, కార్లు వరసగా మెల్లగా కదులుతున్నాయి. పనివాళ్ళ తలల మీదుగా ఓ తాడు! చిన్న లోపం కనబడినా లాగెయ్యాలట. మేం చూస్తుండగానే ఒకతను లాగాడు. సంగీతం మోగింది, బోర్డు మీద దీపం వెలిగింది. పైఅధికారి పరుగున వచ్చాడు. కోప్పడతాడనుకున్నా, లేదు! ఇద్దరూ కలిసి సరిచేసుకున్నారు. అప్పటికీ కుదరకపోతే లైను ఆపేస్తారట.

ఈ పద్ధతి మగ్గం నుంచి వచ్చిందంటే నమ్ముతారా? కంపెనీ పెట్టిన కీచిరో తండ్రి సాకిచి టొయోడా, 1924లో నూలు తెగితే తనంతట తానే ఆగిపోయే మగ్గం తయారుచేశాడు.

మరి మనమో? ఒంట్లో ఏం తేడా చేసినా "ఫర్వాలేదులే" అంటూ పని లాగించేస్తాం. రెండు నెలలుగా గుండెదడ దాచుకుంటున్న నేను, ఆ రాత్రే అమ్మాయికి చెప్పేశాను. మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుంది. మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

మీరూ తాడు లాగండమ్మా, ఆలస్యం చెయ్యకండి!