దుప్పటిని గుర్తుపట్టని బండి

స్విచ్ వేయగానే బండి ముందుకు కదలాలి. కదలకుండా ఉన్నచోటే గిరగిరా తిరిగింది. పిల్లలు ఘొల్లున నవ్వారు.

మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం అది. బడికి దూరమైన ఆడపిల్లల కోసం 2004లో కేంద్రం మొదలుపెట్టిన వసతి బడుల్లో ఒకటి. ల్యాబ్‌లో నేల మీద కూర్చున్న పిల్లల మధ్య ఆర్డుయినో బోర్డు, మోటార్ డ్రైవర్, రెండు పసుపు మోటార్లు బిగించిన చిన్న బండి ఉంది. అడ్డం వస్తే అది ఆగి పక్కకు తిరగాలి.

"ప్రోగ్రామ్‌ల తప్పు లేదు మేడం, చూసిన" అంది ఒకమ్మాయి. ఇంకొకతె బండిని బోర్లించి కాసేపు చూసింది. మోటార్లు ఎదురెదురుగా బిగించి ఉన్నాయి. రెండింటికీ ఒకే తీరుగా కరెంటిస్తే ఒక చక్రం ముందుకు, ఒకటి వెనక్కి పోతాయి. "ఒక్కదాని వైర్లు అటిటు మారిస్తే అయిపోతది" అంటూ స్క్రూడ్రైవర్ అందుకుంది. సైన్స్ టీచర్ కుర్చీలోంచి లేవలేదు. నాకు బాగా నచ్చింది ఆ లేవకపోవడమే.

ఆడా మగా కలిసి చదివే బడుల సైన్స్ ఫెయిర్లలో నేను చూసింది వేరు. వైర్లు మగపిల్లల దగ్గర, చార్టు ఆడపిల్లల దగ్గర. ఇక్కడ లాక్కునేవాళ్లు లేరు.

బండి ముందున్న సెన్సార్ చెవికి అందని 40 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని వదులుతుంది. అది దేనికో తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం తేలుతుంది. చివర్లో రెండుతో ఎందుకు భాగించాలని అడిగాను. "పోయి రావాలె గద మేడం. మనకు పోయిన దూరమే కావాలె" అంది అందరికంటే చిన్నపిల్ల.

అసలు ముచ్చట తర్వాత మొదలైంది. బండి గోడ ముందు ఆగింది, అన్నం పళ్లెం ముందు ఆగింది. దండెం మీది దుప్పట్లోకి మాత్రం నేరుగా దూరిపోయింది! మళ్లీ వదిలారు, మళ్లీ దూరింది. మెత్తటి బట్ట శబ్దాన్ని పీల్చుకుంటుందని టీచర్ చెప్పకముందే పిల్లలు పసిగట్టారు. ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్ పెడదామని ఒకతె అంటే, నల్లబట్ట ముందు అదీ పనిచేయదని మరొకతె కొట్టేసింది. తగిలితే నొక్కుకునే స్విచ్ ముందు బిగించాలని చివరికి తేల్చారు.

బండిని విప్పి సరిచేసిన పిల్లను ఇంటి సంగతి అడిగాను. "ఇంట్ల స్విచ్ బోర్డు ముట్టనియ్యరు మేడం. తమ్మున్ని పిలుస్తరు." తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత పద్దెనిమిదేళ్లకే, చంటిబిడ్డ తల్లిగా ఉండగానే భర్తను పోగొట్టుకుని, తర్వాత మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి 1943లో బయటికొచ్చారు. ఇన్నేళ్ల తర్వాతా స్విచ్ బోర్డు తమ్ముడిదేనా?

పిల్లలు ఇలా చేతులతో చేసి నేర్చుకునేందుకే పెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్ కోసం ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు వస్తుంది. సామాను పాడవుతుందని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసిన బడులూ చూశాను. పిల్లల చేతిలో పాడైన మోటారు దండగ కాదు. బీరువాలో కొత్తగా మిగిలిన మోటారే దండగ.

హైదరాబాద్‌లో కొలువు చేసే ఇంజినీర్లకు ఒక మనవి. ఈ ల్యాబుల్లో స్వచ్ఛందంగా నేర్పేవాళ్ల కోసం 'మెంటర్ ఆఫ్ చేంజ్' అనే ఏర్పాటు ఉంది. పేరు నమోదు చేసుకోండి. వెళ్లేటప్పుడు రీచార్జబుల్ బ్యాటరీలు పట్టుకెళ్లండి, అక్కడ ముందుగా అయిపోయేవి బ్యాటరీలే.