ఊరికే నడిచిపోతే ఊరుకుంటారా?

1951 ఆగస్టు 19న సెయింట్ లూయిస్ బ్రౌన్స్ అనే బేస్‌బాల్ జట్టు ఎడ్డీ గేడెల్ అనే ఆయన్ని బ్యాటింగుకి పంపింది. ఎత్తు మూడడుగుల ఏడంగుళాలు. చొక్కా మీద నంబరు 1/8! ఓనరు బిల్ వీక్‌కి ఇలాంటి తమాషాలంటే మహా సరదా లెండి. బ్యాట్ ఊపొద్దని ముందే గట్టిగా చెప్పి పంపాడు. గేడెల్ కాస్త వంగి నిలబడేసరికి పిచ్చర్ బాబ్ కెయిన్‌కి బంతి వేయడానికి జానెడు జాగా కూడా మిగల్లేదు. నాలుగూ పైనుంచే పోయాయి. అలా నాలుగు ‘బాల్స్’ పడితే బ్యాటరు దర్జాగా మొదటి బేస్‌కి నడిచిపోవచ్చు. దాన్నే వాక్ అంటారు. గేడెల్ నడిచాడు. వెంటనే అతని బదులు వేరొకణ్ణి పరుగుకి దింపారు. మేజర్ లీగ్‌లో మళ్లీ ఆడిందే లేదు.

మరి ఈయన బ్యాటింగ్ సగటెంతంటారు? సున్నా అనకండి, అసలు లెక్కే కట్టలేం. హిట్లను, అంటే బంతిని కొట్టి బేస్ ఎక్కినవాటిని, ఎట్‌బ్యాట్లతో భాగిస్తే వచ్చేది సగటు. వాక్ దొరికిన వంతు ఎట్‌బ్యాట్ కిందికే రాదు. క్రికెట్లో వైడ్ పడితే పరుగు ఎక్స్‌ట్రాల్లోకి పోయి బ్యాటర్ ఖాతా కదలదే, అలాగన్నమాట. కానీ ఆన్-బేస్ పర్సెంటేజ్ అడిగి చూడండి: 1.000. నూటికి నూరు!

ఎలా ఎక్కితేనేం, ఔటవకుండా బేస్ ఎక్కాడా లేదా అన్నదే ఈ లెక్క గొడవ. తొమ్మిది ఇన్నింగ్స్‌లో జట్టుకుండేది 27 ఔట్లే. అవి ఖర్చవకపోవడం చిన్న సంగతేం కాదు.

2004లో బారీ బాండ్స్ అనే బ్యాటర్ని తీసుకోండి. హిట్లు 135, వాక్‌లు 232 (వీడితో మనకెందుకని పిచ్చర్లు కావాలనే ఇచ్చినవే 120!), బంతి ఒంటికి తగిలి బేస్ ఎక్కినవి 9. మొత్తం 376. ఇది పైన వేయండి. కింద ఎట్‌బ్యాట్లు 373, మళ్లీ ఆ 232, ఆ 9, ఇంకా శాక్రిఫైస్ ఫ్లైలు 3 (వీటి సంగతి చివర్లో). మొత్తం 617. భాగిస్తే .609. సగటు చూస్తే .362 మాత్రమే. అంటే వందసార్లొస్తే అరవైసార్ల పైమాటే బేస్ ఎక్కిన మనిషిలో సగటుకి కనిపించింది ఆ 135 హిట్లే.

బాండ్స్ అంటే సరే, మహాబలుడు. 1956లో వాషింగ్టన్‌కి ఆడిన ఎడ్డీ యోస్ట్ సగటు .231. చూస్తే జాలేస్తుంది. అయితే ఓపిగ్గా 151 వాక్‌లు రాబట్టాడు, ఆన్-బేస్ .412. అయినా ఈ లెక్కకి అధికారిక గుర్తింపొచ్చింది 1984లో.

దీనికీ కొన్ని తిక్కలున్నాయి. ఫీల్డర్ పొరపాటు వల్ల బేస్ ఎక్కితే పైన కలపరు. అది న్యాయమే, బ్యాటరు గొప్పేముంది? తోటివాణ్ణి ముందుకి జరపడానికి బంతిని మెల్లిగా తట్టి ఔటయ్యే శాక్రిఫైస్ బంట్‌ని లెక్కలోకే తీసుకోరు. అదే మూడో బేస్‌లో ఉన్నవాడు పరుగు తీసేలా పైకి లేపి క్యాచ్ ఇచ్చాడనుకోండి (అదే శాక్రిఫైస్ ఫ్లై), కింద ఒకటి పెరుగుతుంది. బంట్ మేనేజర్ చెబితే చేసేది, ఫ్లై హిట్ కోసం కొట్టబోతే వచ్చేది అంటారు. నాకైతే సగమే మింగుడుపడింది. పది ఎట్‌బ్యాట్లలో మూడు హిట్లు కొట్టి, ఒక్క వాకూ లేక, అలాంటి ఫ్లై ఒకటి కొట్టినవాడి సగటు .300, ఆన్-బేస్ మాత్రం .273. జట్టుకి పరుగు తెచ్చిపెట్టినందుకు పాపం ఆ కోత!