సంధి కుదిరినగాని బండి కదలదు



మోటారు బండి మరమ్మతును గూర్చి స్త్రీల పత్రికలో వ్రాయుటేమని మీరు నవ్వవచ్చును. నేనును ఆ విద్య నెఱిగినదానను గాను. తాతగారి చెంత కావ్యములును బాలవ్యాకరణమును చదివికొని, బడిపంతులుగారి యిల్లాలినై, బిడ్డలను వంటయింటిని చక్కబెట్టుకొనుచున్న దానను. అయినను మొన్నటి వేసవి సెలవులలో మా ముంగిట జరిగిన సంగతి మీకు చెప్పకుండుట తగదని తోచినది.

మా మామగారు 1986లో కొన్న అంబాసిడరు కారు మా యింట నున్నది. ఆ కార్ల తయారు 2014లో ఆగిపోయినను, పెద్దవారి జ్ఞాపకముగా మేము దానిని విడువలేదు. దాని 1489 సీసీల పెట్రోలు ఇంజను అరిగిపోయి పొగ గ్రక్కుచుండగా, మావారు విజయవాడ ఆటోనగరునుండి అదే రకపు ఇంజనును మఱియొకదానిని కొని తెచ్చిరి. పాలిటెక్నికులో ఆటోమొబైలు చదివిన మా తమ్ముడు సాయము వచ్చెను. గొలుసు కప్పీతో పాతదానిని పైకెత్తి, తెచ్చినదానిని దింపుటకు రెండు దినములు పట్టెను. ఇరుగుపొరుగువారు తిరునాళ్ళకు వచ్చినట్లు వచ్చి చూచిపోయిరి.

మూడవనాటి సాయంకాలమునకు పెట్రోలు గొట్టములు కలుపుట మాత్రమే మిగిలెను. "అంత బరువును దింపినవారికి ఈ జానెడు గొట్టము ఒక లెక్కా!" అని మావారనిరి.

ఆ గొట్టముల దారిని తమ్ముడు నాకిట్లు విప్పి చెప్పెను. పెట్రోలు తొట్టి బండి వెనుక నుండును. అందుండి లోహపు గొట్టము అడుగుభాగమున ముందునకు వచ్చును. నడచునపుడు ఇంజను అదరును గాని బండి చట్రము అంతగా నదరదు. కావున ఆ రెంటి నడుమ వంగునట్టి రబ్బరు గొట్టము కావలెను. ఇంజను ప్రక్కనున్న పంపు పెట్రోలును పీల్చి కార్బురేటరునకు నెట్టును. పంపునకు ముందరి యతుకు వదులైనచో గాలి చొచ్చి ఇంజను ఆగిపోవును. అది చిక్కు మాత్రమే. పంపునకు తరువాతి యతుకు వదులైనచో పెట్రోలు వెలికి చిమ్మును, అది ప్రమాదము. ఏలయన, ఈ రకపు ఇంజనులో కార్బురేటరు క్రిందనే పొగ వెడలు మానిఫోల్డు కలదు. కొంతసేపు నడచినంతనే అది నిప్పువలె కాగును.

పంపునుండి కార్బురేటరునకు పోవలసిన గొట్టము తెచ్చిన ఇంజనుతో రాలేదు. కొట్టుగదిలో పడియున్న పాత రబ్బరు గొట్టమును మావారు తెచ్చి తొడిగిరి. పంపు మూతి 6 మిల్లీమీటర్లది, గొట్టము లోపలి వెడల్పు 8 మిల్లీమీటర్లు. క్లిప్పు బిగించినచో సరిపోవునని వారి యభిప్రాయము. స్పార్కు రాకుండ కాయిలు తీగను విప్పి, కార్బురేటరు నిండుటకై ఇంజనును కొంతసేపు త్రిప్పి, మరల తీగను తగిలించిరి.

సరిగా నా సమయముననే నేను తులసికోటకడ దీపము పెట్టుటకై అగ్గిపెట్టెతో ముంగిటికి వచ్చితిని. గుప్పున పెట్రోలు వాసన!

"ఏమండీ, వాసన వచ్చుచున్నది" అంటిని.

"పెట్రోలు పని చేయుచోట పెట్రోలు వాసన గాక మల్లెల వాసన వచ్చునా?" అని వారు నవ్వి తాళపుచెవి చేతికి తీసికొనిరి.

తమ్ముని యెదుట వారి మాటకు అడ్డుచెప్పుటకు నాకు నోరాడలేదు. కాని నా చేతిలో అగ్గిపెట్టె యుండెను, వెనుక చిన్నపిల్ల నిలిచియుండెను. "ఆ యతుకును ఒకమారు తుడిచి చూపినగాని నేను కదలను" అంటిని. తమ్ముడు తెల్లని గుడ్డతో తుడిచెను. క్షణములో క్లిప్పు క్రింద మరల చెమ్మ పుట్టి, బొట్టై, మానిఫోల్డుపై రాలెను. ముగ్గురమును మాటాడలేదు.

"సంధ్యవేళ దీపము మానుటయా?" అని అత్తగారు లోపలినుండి వచ్చిరి. సంగతి విని, "ఆ గాలి పోయినతరువాతనే వెలిగింతువుగాని" అనిరి. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. కంటికి కనబడక నేలబారున పారి, దూరమందలి దీపమును సైతము చేరగలదు.

ఆ రాత్రి నాకు చిన్ననాటి సంధి పాఠము జ్ఞాపకమునకు వచ్చెను. రెండు పదములను ప్రక్కప్రక్కన బెట్టినంతనే సంధి కాదు. మొదటిదాని తుదియు రెండవదాని మొదలును ఒండొంటికి తగియుండవలెను. తగనిదానిని బిగించి తగునట్లు చేయబూనుట వ్యాకరణమున తప్పు, ఇంజనున ప్రాణాపాయము.

మఱునాడు సరియైన కొలత గొట్టమును, క్రొత్త క్లిప్పులను తెప్పించిరి. పాత గొట్టమును వంచి చూడగా దానినిండ పగుళ్ళే. నేటి పెట్రోలున నూటికి 20 పాళ్ళవఱకు ఇథనాలు కలియుచున్నది. పూర్వపు రబ్బరులలో కొన్ని దానికి తాళలేవు. కావున దానికి తగినదని వ్రాసియున్న గొట్టమునే కొనవలెను. క్లిప్పును మితిమీఱి బిగించినను రబ్బరు తెగును. గొట్టము వేడి భాగములకును, పదునైన యంచులకును తగులరాదు. నేటి ఇంజెక్షను కార్లలో పెట్రోలు ఒత్తిడి ఇంతకు పెక్కు రెట్లు. వాని గొట్టములు వేఱు, క్లిప్పులు వేఱు. తెలియనివారు వానిని ముట్టరాదు.

మీ యింట నిట్టి పని జరిగినచో ఈ నాలుగు మాటలు మఱవకుడు. గొట్టము విప్పుటకు ముందు బ్యాటరీ తీగను తీయింపుడు. పెట్రోలును నోటితో పీల్చనీయకుడు. అది ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణము మీదికి వచ్చును. ఇసుకయు, పొడి చల్లు అగ్నిమాపకమును చేరువ నుంచుడు. నీరు చల్లినచో పెట్రోలు దానిపై తేలి మంటను వ్యాపింపజేయును. ఇంజను మారినచో దాని సంఖ్యను రిజిస్ట్రేషను పత్రమున నమోదు చేయించుడు.

బండి ఇప్పుడు చక్కగా నడచుచున్నది. బానెటు తెఱచినపుడెల్ల మావారు వంటయింటి వైపు తిరిగి, "ఒకమారు వచ్చి వాసన చూడుము" అని పిలుచుచున్నారు. నేను చేయి తుడుచుకొని పోవుచున్నాను. అక్కడ వాసన లేదని నేను చెప్పిన పిమ్మటనే వారు తాళపుచెవిని త్రిప్పుచున్నారు.