రాజీనామా జేబులోనే ఉంది

‘‘ఏటి బావా.. మిల్లు మానేసి దుబాయ్ ఎల్లిపోతన్నావంట?’’

టీకొట్టు దగ్గర ఈ ప్రశ్న పడిందంటే సంగతి ఊరంతా తెలిసిపోయినట్టే. ఇంట్లో ఇంకా సరిగ్గా చెప్పనే లేదు. మిల్లులో సూపర్‌వైజరుకీ తెలీదు. రాజీనామా కాగితం మాత్రం రాసేసుకున్నాడు. చొక్కా జేబులో, నాలుగు మడతల్లో ఉంది.

విజయనగరం జిల్లాలో జూట్ మిల్లు ఉన్న ఊళ్లకు వెళ్లినా, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో తిరిగినా ఇలాంటి మనిషి వీధికొకడు ఎదురవుతాడు. వాళ్లందర్నీ కలిపి ఒక్కడిగా అనుకుందాం. వయసు నలభై రెండు. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. పద్దెనిమిదేళ్లుగా ఒకే మిల్లులో ఫిట్టరు. కూతురు ఇంటర్, కొడుకు తొమ్మిది. బావమరిది ఖతార్‌లో ఉన్నాడు. వాడు కట్టుకున్న డాబా మెట్లు ఇతని ఇంటి గుమ్మంలోంచి కనిపిస్తుంటాయి. ఆ మెట్లే రోజూ ఉదయాన్నే ఏదో ఒక మాట అంటుంటాయి!

ఇక్కడి నేలలో గోగునార పండుతుంది కాబట్టే మిల్లులొచ్చాయి. సైరన్ కూతతో లేచి, సైరన్ కూతతో అన్నం తిన్న కుటుంబాలున్నాయి. తర్వాత్తర్వాత ప్లాస్టిక్ సంచులొచ్చాయి, లాకౌట్లొచ్చాయి. ఒక్కో మిల్లూ మూతపడుతుంటే, నడుస్తున్న మిల్లులో పనిచేసేవాడికి కూడా కంటి నిండా నిద్ర ఉండదు. ఉద్దానంలో కథ వేరు. అక్కడ కొబ్బరిచెట్టే జీతం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఆ చెట్లనూ జీడితోటలనూ పడగొట్టింది. పడిపోయిన కొబ్బరిచెట్టు స్థానంలో మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. అన్నేళ్లూ ఇల్లెలా గడవాలి?

రంగం పోయిన వాళ్లు

సముద్రం దాటడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. పెద్దవాళ్లను అడిగితే ‘మా తాత రంగం పోయినాడు’ అంటారు. రంగం అంటే రంగూన్. భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల్లో ఆగే స్టీమర్లెక్కి బర్మా వెళ్లేవాళ్లు. అక్కడ ఓడరేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. తీసుకెళ్లేది మేస్త్రి. ముందే చేతిలో కొంత సొమ్ము పెట్టేవాడు. ఆ బాకీ తీరేదాకా కూలీ అతని మనిషే. 1930 మేలో రంగూన్ రేవులో జరిగిన అల్లర్లలో చనిపోయిన వాళ్లలో తెలుగు కూలీలు ఎందరో. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాక వేలమంది అడవులూ కొండలూ దాటి నడిచొచ్చారు. దార్లో రాలిపోయిన వాళ్లకు లెక్కే లేదు. మిగిలిన వాళ్లలోనూ చాలామంది 1962 తర్వాత అక్కడి సైనిక పాలనలో తిరుగుముఖం పట్టారు.

ఉద్యోగం వదిలి సముద్రం దాటిన పెద్దపేరు కూడా ఇక్కడ ఒకటుంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు. విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా చేసి, ఆ పని వదిలి సర్కస్ పెట్టాడు. లండన్‌లో అయిదో జార్జి చక్రవర్తి ఆయన బలం చూసి ‘ఇండియన్ హెర్క్యులస్’ అన్నారని చెప్పుకుంటారు. ఈ కథ చెప్పి ‘ఉద్యోగం మానేస్తేనే పైకొస్తాం’ అనేవాళ్లున్నారు. వాళ్లు మర్చిపోయేది ఒకటే. ఆయన బడి నుంచి నేరుగా ఓడెక్కలేదు. ముందు సర్కస్‌ను దేశమంతా తిప్పి, పేరొచ్చాకే సముద్రం వైపు చూశాడు.

మన ఫిట్టరు సంగతికొద్దాం. మిల్లులో ఫిట్టరైతే చాలదు, వెల్డింగ్ నేర్చుకుని రమ్మన్నాడు బావమరిది. అదీ పైపు వెల్డింగ్. సిక్స్‌జీ అంటారు. పైపును నలభై అయిదు డిగ్రీల వాలులో బిగించేస్తారు. దాన్ని తిప్పకూడదు. మనిషే దాని చుట్టూ తిరిగి, వంగి, కిందనుంచి మెడ వెనక్కి వాల్చి అతుకు వేయాలి. ఇరవై ఏళ్ల కుర్రాళ్ల పక్కన నలభై రెండేళ్ల మనిషి నిలబడి నేర్చుకుంటాడు. షిఫ్టు దిగి, ముఖం కడుక్కుని, సైకిలెక్కి వెళ్తాడు. రాత్రి కళ్లు మండితే భార్య తడిగుడ్డ వేస్తుంది. ‘ఏం పని ఇది?’ అని ఆమె అడగదు. అప్పటికే ఆమెకు అర్థమైపోయింది.

ఏజెంటు వచ్చాడు. ‘రెండు వారాల్లో ఫ్లైటు. రేపే రాజీనామా ఇచ్చెయ్. ముందు టూరిస్టు వీసా, అక్కడికెళ్లాక మార్చేస్తాం. లక్షన్నర సిద్ధం చేసుకో.’

అందరు ఏజెంట్లూ దొంగలని కాదు. కానీ ఈ నాలుగు వాక్యాల్లో ప్రతి దానికీ ఒక జవాబుంది. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉందో లేదో ‘ఈ-మైగ్రేట్’ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. అతను తీసుకోదగ్గ సేవారుసుం 30 వేల రూపాయలు. దానిమీద జీఎస్టీ కలిపితే 35,400. రసీదు ఇవ్వాలి. పదో తరగతి పాసవని మన ఫిట్టరు లాంటివాళ్ల పాస్‌పోర్టు మీద ‘ఈసీఆర్’ అని ఉంటుంది. అంటే గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతికి ఉద్యోగ వీసా, ఒప్పందం, బీమా ఉండాలి. ప్రవాసీ భారతీయ బీమాకు రెండేళ్లకు కట్టేది 275 రూపాయలు. ప్రమాదంలో చనిపోతేనో, శాశ్వతంగా పనిచేయలేని స్థితి వస్తేనో పది లక్షలు. టూరిస్టు వీసా మీద వెళ్లేవాడికి ఇవేవీ వర్తించవు. చుట్టం చూపుగా వెళ్లిన మనిషి కిందే లెక్క!

ఇదంతా చాదస్తం అనుకునేవాళ్లకు 2024 మే నెల గుర్తుచేయాలి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి ఉత్తరాంధ్ర కుర్రాళ్లను కంబోడియా చేర్చారు. పాస్‌పోర్టులు లాక్కుని, సైబర్ మోసాలు చేయించారు. మాట వినకపోతే చిత్రహింసలు. మే 20న అక్కడి సిహనౌక్‌విల్‌లో దాదాపు మూడొందల మంది భారతీయులు ఎదురు తిరిగారు. ఆ నెలాఖర్లో కొందరు విశాఖ విమానాశ్రయంలో దిగారు. రంగం మేస్త్రి చేతిలో డబ్బు పెట్టి తీసుకెళ్లేవాడు. ఈ కాలం మేస్త్రి డబ్బు పుచ్చుకుని తీసుకెళ్తున్నాడు. తేడా అంతే.

అన్ని కాగితాలూ సరిగ్గా ఉన్నా పూచీ లేదన్నదీ నిజమే. అదే ఏడాది జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల భవనం తగలబడి నలభై మందికి పైగా భారతీయులు చనిపోయారు. వారిలో సోంపేట ప్రాంతపు మనిషీ ఉన్నారు. అలాంటి రోజునే 275 రూపాయల కాగితం విలువ ఇంటివాళ్లకు తెలిసేది.

లెక్క చూసుకుంటే..

రాజీనామా అంటే జీతం ఆగడం ఒక్కటే కాదు. పద్దెనిమిదేళ్ల సర్వీసుకు గ్రాట్యుటీ వస్తుంది. చివరి మూల వేతనం, డీఏ కలిపి 15 వేలనుకుంటే.. దాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, మళ్లీ 18తో హెచ్చిస్తే లక్షా యాభై అయిదు వేల పైచిలుకు. ఏజెంటు అడిగిన లక్షన్నరకు దాదాపు సమానం. పద్దెనిమిదేళ్ల కష్టం ఒక సంతకంతో చేతులు మారిపోతుందన్నమాట. పదేళ్ల సర్వీసు దాటింది కాబట్టి పీఎఫ్ కింద 58 ఏళ్లకు పెన్షన్ హక్కు కూడా ఉంది. ఉద్యోగం మానేసినా అది పోదు. స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని దాచుకోవాలి. ఈ మాట చాలామందికి చెప్పేవాళ్లుండరు. తొందరలో అడిగేవాళ్లూ ఉండరు.

ఫిట్టరు తొందరపడలేదు. నిజానికి ఆపింది భార్య. ‘‘నీ కాయితాలన్నీ వచ్చినాకే ఆ కాయితం ఇయ్యి. అందాకా మిల్లుకెల్లు’’ అంది. అంతకుమించి ఏమీ అనలేదు. అతను ఆ ఏజెంటును వదిలేసి రిజిస్ట్రేషన్ ఉన్న మరో ఆఫీసుకు వెళ్లాడు. ట్రేడ్ టెస్టు మొదటిసారి తప్పాడు. రెండోసారి పాసయ్యాడు. మెడికల్ అయింది. వీసా వస్తుందన్న వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఒకప్పుడు ఇలాంటివాళ్లు కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముంబయి వెళ్లి, లాడ్జీల్లో నెలల తరబడి ఎదురుచూసేవాళ్లు. ఇతను మాత్రం ఎదురుచూసినన్నాళ్లూ మిల్లు జీతం తీసుకుంటూనే ఉన్నాడు. టీకొట్టు దగ్గర ‘ఇంకా ఎల్లలేదేటి?’ అన్న ఎగతాళి ఒక్కటే అదనపు ఖర్చు.

వీసా, అనుమతి రెండూ వచ్చేసరికి దసరా దగ్గరపడింది. టికెట్ ఆదివారానికి వేశారు. ఆ మర్నాడు పైడితల్లమ్మ తొలేళ్లు, మంగళవారం సిరిమాను. పుట్టి బుద్ధెరిగాక సిరిమాను చూడని ఏడాది లేదు. రెండ్రోజులు ఆగుతుందా అని ఆఫీసుకు ఫోన్ చేశాడు. కుదరదన్నారు.

జేబులోని కాగితం తీస్తే మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. తేదీ మూడుసార్లు కొట్టేసి ఉంది. కూతుర్ని పిలిచి, తెల్లకాగితం మీద మళ్లీ రాయమన్నాడు. పేరు, టోకెన్ నంబరు, చేరిన తేదీ.. అన్నీ అడక్కుండానే రాసేసింది. అక్కడ ఆగి తలెత్తింది.

‘‘నానా, కారణం ఏటని రాయను?’’

కాసేపు గోడవైపు చూశాడు.

‘‘ఇంటి అవసరాలని రాయమ్మా.’’